ఖాళీ తూటాల్ని మళ్ళీ నింపుకోవడం లాభమేనా?

సింగపూర్‌లో నా ఉద్యోగ జీవితం చాలావరకు తుపాకుల మధ్యే గడిచిందని చెబితే మనవాళ్ళు ముందు నవ్వుతారు. పెళ్ళి భోజనాల దగ్గర ఎవరో ఒక పిల్ల తప్పకుండా అడుగుతుంది. "ఆంటీ, చూయింగ్ గమ్‌కే ఇన్ని రూల్స్ ఉన్న ఊళ్ళో గన్సా? రియల్లీ ఆ?"

నిజమే తల్లీ. ద్వీపానికి పడమటి కొసన, ఇళ్ళు అయిపోయి చెట్లు మొదలయ్యే చోట, ఒక షాట్‌గన్ క్లబ్బు ఉంది. అక్కడి కాల్పుల మైదానానికి, అదే రేంజ్‌కి, నేను అధికారిగా ఉండేదాన్ని. అంటే అక్కడ ఎవరు ఎప్పుడు తుపాకి ఎత్తాలో, ఎప్పుడు దించాలో చెప్పే మనిషిని. మేము కాల్చేది మనుషుల్నీ కాదు, పిట్టల్నీ కాదు. అరచేతంత వెడల్పున్న నారింజ రంగు పళ్ళేల్ని. క్లే అంటాం. నిలబడ్డవాళ్ళు "పుల్!" అని కేక పెట్టగానే ముందున్న గోతిలోని యంత్రం ఒక క్లేని గాల్లోకి విసురుతుంది. అది ఎటు పోతుందో ముందుగా తెలియదు. రెప్పపాటులో తుపాకి దాన్ని అందుకోవాలి. తగిలితే ఆకాశంలో నారింజ రంగు పొగ పువ్వులా విచ్చుకుంటుంది. ఎన్ని వేలసార్లు చూసినా ఆ పొగ కనిపిస్తే నా కాళ్ళు ఇప్పటికీ నేల మీద నిలవవు.

ఈ మధ్య ఈ పనిలోకి కొందరు కొత్త పిల్లలు వచ్చారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. ప్రమోషన్లూ ఫారాలూ వదిలేస్తాను, అవి ఆఫీసే నేర్పుతుంది. నేను చెప్పాలనుకున్నది నా ఉద్యోగం చివరి రోజుల్లో నా ముందుకు వచ్చిన ఒక ప్రశ్న గురించి. కాల్చి పారేసిన తూటాల్ని మనమే మళ్ళీ నింపుకోవడం లాభమా, కాదా? చిన్న ప్రశ్నే. కానీ దాని వెంట నేను పరిగెత్తినంతగా మరే పని వెంటా పరిగెత్తలేదు.

చెవితో చేసే ఉద్యోగం

మాది మలేషియాలో పేరాక్ రాష్ట్రం. మా తాతగారు విశాఖ వైపు నుంచి ఓడెక్కి రబ్బరు తోటకి వచ్చినవారు. నేను పని వెతుక్కుంటూ దక్షిణానికి, సింగపూర్‌కి వచ్చాను. తువాస్‌లో ఓడల మరమ్మతు యార్డులో సామాన్ల గది చూసుకునేదాన్ని. అక్కడినుంచి ఈ క్లబ్బులో తూటాల గది చూసే ఉద్యోగానికి మారాను. తుపాకి పేల్చడం మాట అటుంచి, అప్పటికి దాన్ని దగ్గరగా చూసి కూడా ఎరగను.

నా మొదటి పైఅధికారి హెన్రీ, మాజీ సైనికుడు. నన్ను రేంజ్ మీదికి తెచ్చి, కాల్చేవాళ్ళ వైపు వీపు పెట్టి నిలబెట్టాడు. "క్లే వైపు అందరూ చూస్తారు. నువ్వు తుపాకి మాట విను" అన్నాడు. ఒక్కొక్క మోత వినిపించగానే అది ఎవరి తుపాకో, పై గొట్టమో కింది గొట్టమో చెప్పమనేవాడు. మా తుపాకులకి రెండేసి గొట్టాలుంటాయి, ఒకదాని మీద ఒకటి. ఒక్కో గొట్టంలో ఒక్కో తూటా. మొదటిది తప్పితే అదే క్లే మీద రెండోది పేల్చవచ్చు. మొదట్లో నాకు అన్నీ ఒకేలా వినిపించేవి. పోనుపోను వంటింట్లో పోపు చిటపటని బట్టి ఆవాలో మినప్పప్పో తెలిసినట్టు తెలిసిపోయింది.

హెన్రీ మంచి అధికారి అని మాత్రం చెప్పను. అరిచేవాడు. ఎందుకు చేయాలో చెప్పకుండా చేయమనేవాడు. అడిగితే ఇంకా అరిచేవాడు. కారణం చెప్పని శిక్షణ సగం శిక్షణే. మీ కింద ఎవరైనా పనిచేసే రోజు వచ్చినప్పుడు, తుపాకి మోత ఎందుకు వినాలో కూడా వాళ్ళకి చెప్పండి. మోత తేడాగా వస్తే లోపల ఏదో చిక్కుకుందని అర్థం. అది చూసుకోకుండా ఆ గొట్టంలో మళ్ళీ పేలిస్తే గొట్టం చీలిపోతుంది. గొట్టం మీద ఉండేది మనిషి చెయ్యి. దాని వెనక ఉండేది మనిషి ముఖం. ఈ మాట హెన్రీ ఒక్కసారి చెప్పి ఉంటే నేను ఇంకా త్వరగా నేర్చుకునేదాన్ని.

చైర్మన్ గారి చెత్త డబ్బా

మా తూటాలన్నీ సముద్రం మీద రావలసినవే. ఒక దశలో ఓడలు బాగా ఆలస్యమయ్యాయి. తూటాల గది అరలు ఖాళీ అవుతున్నకొద్దీ మనిషికి ఇన్నే అని పంచవలసి వచ్చింది. పోటీలకి సాధన చేసే పిల్లలు ఖాళీ తుపాకులు ఎత్తి దించుతూ నిలబడేవాళ్ళు. వాళ్ళని చూస్తే పీట వేసి, ఆకు వేసి, అన్నం వడ్డించనట్టు ఉండేది.

అప్పటి మా చైర్మన్ రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు మనిషి. చెడ్డవాడు కాదు. ఏ వస్తువు చూసినా అందులో వృథా ఎక్కడుందా అని వెతికే అలవాటు ఆయనది. ఒక ఆదివారం కాల్పుల వరస వెనకాల ఉన్న చెత్త డబ్బాలోంచి ఒక ఖాళీ తూటా తీసి నా ముందు పట్టుకున్నాడు.

"ప్లాస్టిక్ గొట్టం బాగుంది. అడుగున లోహం బాగుంది. దీన్నెందుకు పారేస్తున్నాం రత్నం?" అన్నాడు.

షాట్‌గన్ తూటాలో డొల్ల కాక ఇంకో నాలుగు ఉంటాయి. అడుగున నిప్పు పుట్టించే చిన్న ప్రైమర్, దాని మీద తుపాకి మందు, మందు మీద ప్లాస్టిక్ గిన్నెలాంటి వాడ్, ఆ గిన్నెలో సీసపు రవ్వలు. పేలినప్పుడు ఈ నాలుగూ పోతాయి, డొల్ల మిగులుతుంది. యంత్రం ఉంటే ఆ డొల్లని మళ్ళీ నింపవచ్చు. విదేశాల్లో చాలామంది ఇంటి గ్యారేజీలో ఆ పని చేసుకుంటారు. మా దేశంలో ఇంట్లో ఆ మాట తలుచుకోవడమే ప్రమాదం, అనుమతి లేని ఒక్క తూటా చాలు జైలుకి పోవడానికి. క్లబ్బు మాత్రం పోలీసుల్ని అడిగి, వాళ్ళ షరతుల కింద ప్రయత్నం చేయవచ్చు.

నాకు మొదటి నిమిషంలోనే జవాబు తెలిసినట్టు అనిపించింది. "లాభం ఉండదు సర్. డొల్ల ఒక్కటే మన దగ్గరుంది. మిగతా నాలుగూ అవే ఓడల్లో రావాలి. ఓడ రాకపోతే అవీ రావు" అన్నాను.

"అది మీ ఊహ. పరీక్షించి చెప్పండి. చేద్దామా వద్దా అన్నది మీ మాట మీదే నిర్ణయిస్తాను" అన్నాడు.

ఆ మాటతో బరువంతా నా నెత్తిన పడింది. సరే అన్నాను. నిజం చెప్పాలంటే లోపల సంబరంగానే ఉంది. ఇన్నేళ్ళూ పెట్టెల్లో వచ్చిన తూటాల్ని పంచిపెట్టాను తప్ప, ఒక తూటా ఎలా పుడుతుందో చూడలేదు.

ఇంతియాజ్

పరీక్షకి మనిషి కావాలి అనగానే మొదట చెయ్యెత్తినవాడు ఇంతియాజ్. హైదరాబాద్ టోలీచౌకీ నుంచి వచ్చినవాడు, సైన్స్ పార్కులో పదార్థాల మీద పరిశోధన చేసే ఇంజనీరు, మా క్లబ్బు సభ్యుడు. నన్ను అక్కా అని పిలుస్తాడు. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు, కోపం వస్తే రెండూ.

అనుమతి కోసం తిరిగిన కథ చెప్పను, అది అనుమతి వచ్చేదాకా వెళ్ళింది, చాలు. రేంజ్ వెనకాల ఒక గది ఇచ్చారు. ఇంతియాజ్ ఎంచుకున్న యంత్రం వచ్చిన రోజు ఇద్దరం పసిపిల్లల్లా దాని చుట్టూ తిరిగాం. గుండ్రంగా తిరిగే పళ్ళెం, దాని మీద వరసగా డొల్లలు, పక్కన కిందికి లాగడానికి పొడుగాటి పిడి.

"సూడుండ్రి అక్కా, ఒక్క గుంజుడుకు అన్ని పనులు ఒక్కపారే ఐతయ్. ఒక దాంట్ల ప్రైమర్, ఇంకో దాంట్ల మందు, అవుతల దాంట్ల ఛర్రాలు. ఒక్కో గుంజుడుకు ఒక్కో తూటా బయటకొస్తది!"

నేను రవ్వలు అంటాను, అతను ఛర్రాలంటాడు. రెండూ ఒకటే. అతను పిడి కిందికి లాగుతుంటే యంత్రం కటకటమని తిరిగింది. చివరి మెట్టులో డొల్ల మూతి కజ్జికాయ అంచులా మడతలు మడతలుగా ముడుచుకుని, చక్కటి తూటా ఒకటి డబ్బాలో టక్కున పడింది. చల్లగా, నున్నగా ఉంది. అతను దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు. ఇద్దరం పకపకా నవ్వాం, ఎందుకో తెలియదు.

మర్నాడు ఆ తూటాలతో అతను మొదటి క్లేని పొడి చేశాడు. బల్లల మీద కూర్చున్న సభ్యులు లేచి నిలబడ్డారు. వాళ్ళలో కో అంకుల్ కూడా ఉన్నాడు. ఒకప్పుడు ఓడరేవులో క్రేన్ నడిపిన పెద్దాయన, మా క్లబ్బు పాతకాపు. భుజానికి ఆపరేషన్ అయ్యాక, పేలినప్పుడు తుపాకి వెనక్కి తన్నే దెబ్బ తట్టుకోలేక కాల్చడం మానేశాడు. అయినా ప్రతి ఆదివారం వచ్చి కాఫీ తాగుతూ చూసి వెళ్ళేవాడు. ఆయన అందరికంటే గట్టిగా "షియోక్!" అని అరిచాడు. మలయ్‌లో అది ఆనందం పట్టలేనప్పుడు అనే మాట.

ఆ వారమంతా నాకు నా జవాబు మీదే అనుమానం వచ్చింది. తూటా బాగుంది. మోత బాగుంది. క్లేలు పగులుతున్నాయి. చైర్మన్ గారు ఫోన్ చేసి "ఏమన్నాను?" అని మురిసిపోయారు.

చప్పట్లు

ఆ తరవాతి సోమవారం సెలవు రోజు. ఇంతియాజ్ ఉదయమే వచ్చి ఒక పెట్టె నింపి, రేంజ్ మీదికి తెచ్చాడు. జనం బాగా ఉన్నారు. నేను అతని వెనకాల, కొంచెం కుడివైపుగా నిలబడ్డాను.

"పుల్!"

క్లే ఎడమకి దూసుకుపోయింది. మొదటి గొట్టం పేలింది, క్లే పోతూనే ఉంది. వెంటనే రెండో గొట్టం పేలింది, చాలా దూరంలో, ఇక అందదనుకున్న చోట, క్లే పొడి పొడి అయిపోయింది. ఎంత అందమైన దెబ్బ! బల్లల మీద అందరూ చప్పట్లు కొట్టారు. ఇంతియాజ్ నవ్వుతూ వెనక్కి తిరిగి తల వంచి దండం పెట్టాడు. తుపాకి విరిచి, అంటే గొట్టాలు కిందికి వంగేలా మధ్యలో తెరిచి, రెండు ఖాళీ డొల్లల్నీ తీసేసి, జేబులోంచి రెండు కొత్త తూటాలు తీసి పెట్టాడు. తుపాకి మూసి భుజానికి ఎత్తాడు.

ఆ రెండు మోతల్లో మొదటిది మోత కాదు. సైకిల్ టైరులో గాలి పోయినట్టు ఫుస్సుమంది. దాని మీద రెండోది ఎంత గట్టిగా పేలిందంటే, దాని మీద చప్పట్లు ఎంత గట్టిగా పడ్డాయంటే, ఆ ఫుస్సు ఇంకెవరికీ వినిపించలేదు.

"స్టాప్! ఇంతియాజ్, ఆపు! వేలు తియ్యి!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నోట్లో "పు" అనే అక్షరం ఉండగానే అతను ఆగిపోయాడు. వేలు తీసి, తుపాకి మూతి అలాగే ముందుకి ఉంచి, కదలకుండా నిలబడ్డాడు. ఆ నిమిషంలో ఎందుకు, ఏమిటి అని అడగలేదు. రేంజ్ మీద కాల్చేవాడికి కావలసిన పెద్ద చదువు అదే, అతనికి ఆ చదువు ఉంది. చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

తుపాకి తీసుకుని విరిచి, తూటాలు తీసేసి, గొట్టాల్ని ఆకాశానికి పెట్టి చూశాను. పై గొట్టంలో గుండ్రంగా వెలుగు కనిపించింది. కింది గొట్టంలో చీకటి. వాడ్, రవ్వలు మధ్యలో బిరడాలా బిగుసుకుపోయి ఉన్నాయి. ఇంకొక్క రెప్పపాటు గడిచి ఉంటే దాని వెనకాల ఇంకో తూటా పేలేది.

ఇంతియాజ్‌కి చూపించాను. అతను ఆ చీకటిని చాలాసేపు చూశాడు. "యా అల్లా" అన్నాడు, అంతే. తన ఎడమ చేతిని, గొట్టాన్ని పట్టుకునే చేతిని, తిప్పి తిప్పి చూసుకున్నాడు. కో అంకుల్ తన కాఫీ కప్పు తెచ్చి అతని చేతిలో పెట్టి, భుజం మీద తట్టి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే గదికి తాళం వేశాను. చైర్మన్ గారికి ఫోన్ చేసి "లాభం లేదు సర్, ఇది నా మాట" అన్నాను. ఆయన ఒక్క ప్రశ్న వేశాడు. "ఎవరికైనా దెబ్బ తగిలిందా?" లేదన్నాను. "అయితే ఆపేయండి" అన్నాడు. కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను.

కో అంకుల్ తుపాకి

కొన్ని వారాల తరవాత కో అంకుల్ నా గదికి వచ్చాడు. ఆయనా నేనూ మాట్లాడుకునేది ఇంగ్లీషు, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మాట చివర ఇక్కడివాళ్ళు చేర్చే "లా" మాత్రం ఉంచుతాను, అది తీసేస్తే ఆయన గొంతు వినిపించదు.

"మిస్ రత్నం, నా తుపాకి వెనక్కి ఇచ్చేస్తా లా. లైసెన్సు రద్దు చేయించు."

"ఎందుకంకుల్?"

"కాల్చనివాడికి తుపాకి ఎందుకు? డాక్టరు చెప్పాడు, ఆ తన్ను మళ్ళీ తగిలితే భుజం పోతుందని. తక్కువగా తన్నే మెత్తటి తూటాలు ఎక్కడైనా ఉన్నాయా అని ఎంతమందిని అడిగాను! మన దగ్గరికి తెప్పించేవాళ్ళే లేరు. ఒక్క ముసలాడి కోసం ఎవరు తెస్తారు లా?"

ఆయన ఆ తుపాకితో కాల్చిన రోజుల్ని నేను చూశాను. కేక పెట్టడంలో తొందర లేదు, గొట్టం కదపడంలో తొందర లేదు. క్లేయే వచ్చి ఆయన రవ్వలకి ఎదురెళ్ళినట్టుండేది. అలాంటి మనిషి కుర్చీ అంచున కూర్చుని, తుపాకి అప్పగించడానికి ఎక్కడ సంతకం పెట్టాలి అని అడుగుతున్నాడు.

అప్పుడు తట్టింది నాకు. మేము తప్పు ప్రశ్న అడిగాం. కొనగలిగిన తూటాలనే మనం తయారు చేస్తే మిగులుతుందా అని అడిగాం. దానికి జవాబు కాదు అనే. కానీ ఎక్కడా కొనలేని తూటా ఒకటి కావాలంటే?

"అంకుల్, కొన్నాళ్ళు ఆగండి. సంతకం పెట్టకండి."

"ఎన్నాళ్ళు?"

"నేను చెప్పేదాకా లా" అన్నాను. ఆయన మొదటిసారి నవ్వాడు.

నిదానపు యంత్రం

ఇంతియాజ్ ఆ సోమవారం తరవాత క్లబ్బుకి రాలేదు. నేనే సైన్స్ పార్కు దగ్గర హాకర్ సెంటర్‌కి, చిన్న చిన్న తిండి దుకాణాలుండే చోటికి, వెళ్ళాను. ఇక్కడి అలవాటు ప్రకారం టిష్యూ పొట్లం పెట్టి టేబుల్ ఆపి ఉంచాడు. పరాటా ముందు పెట్టుకుని తినడం లేదు.

"నాతోని కాదక్కా. నేను సచ్చేటోణ్ణే. నేనైతే నా తప్పు నాకే తగిలేది. గా పెట్టె వేరేటోళ్ళకు ఇచ్చి ఉంటే?"

"ఎందుకలా అయిందో తెలిసిందా?"

తెలిసింది. ఆ సంగతి తేల్చకుండా ఉండగలిగే మనిషి కాదు. ఆ సోమవారానికి ముందు రెండు రోజులూ గదిలో పని లేదని ఏసీ ఆపేశారు. మన గాలిలో తేమ సంగతి తెలిసిందే, ఉప్పు డబ్బా మూత తీసి పెడితే పొద్దుటికి గడ్డ కడుతుంది. యంత్రం గొట్టంలో మిగిలిన మందు అలాగే ఉండగట్టింది. ఒక తూటాలోకి మందు సరిగా దిగలేదు. యంత్రం వేగంగా తిరుగుతుంటే పైన వాడ్, రవ్వలు పడిపోయాయి, మూతి ముడుచుకుపోయింది. చూడడానికి మిగతావాటిలాగే ఉంది. తూకం వేసినా దొరికేది కాదు, రవ్వల బరువులోని తేడా ఆ కాస్త మందు తేడాని మింగేస్తుంది.

"అంటే మూత పడకముందే లోపలికి చూస్తే తెలిసేది" అన్నాను.

"కండ్లతోటి సూస్తే తెలుస్తది. గానీ గా మిషిన్ల సూసే టైమ్ ఏడున్నదక్కా?"

"చూసే టైమ్ ఉండే మిషన్ ఉందా?"

అతను తల ఎత్తాడు. పరాటా తుంచాడు. "ఉంది. పాత తీరుది. ఒక్కపారి ఒక్క పనే జేస్తది. ముందు అన్నిట్ల మందు పోసి, చెక్క పలకల నిలవెట్టి, టార్చి ఏసి ఒక్కొక్కటి సూసినంకనే వాడ్ పెట్టాలె. మస్తు లేటు అక్కా. ఒక్క పెట్టెకు పొద్దంతా పడ్తది."

"మనకి కావలసింది ఒక్క పెట్టే" అని కో అంకుల్ సంగతి చెప్పాను.

అతని ముఖం వెలిగిన తీరు నేను మరిచిపోలేను. టేబుల్ మీది టిష్యూ కాగితం మీదే బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. దాంతోపాటు భయం కూడా చెప్పాడు. దెబ్బ మెత్తగా ఉండాలని ఉన్న మందునే తగ్గించేస్తే, అది సరిగా కాలక, వాడ్ మళ్ళీ గొట్టంలోనే ఆగిపోతుంది. కాబట్టి తక్కువ బరువు తూటాల కోసమే చేసిన వేరే మందు కావాలి, తక్కువ రవ్వలు కావాలి, మందు తయారుచేసినవాళ్ళు అచ్చువేసిన కొలతలు తప్ప మన తెలివి ఒక్క చిటికెడు కలపకూడదు.

చైర్మన్ గారి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. "మీరే కదా లాభం లేదన్నారు?" అన్నాడు.

"ఇప్పుడూ అదే అంటున్నాను సర్. లాభం లేదు. ఒక మనిషికి పనికొస్తుంది."

"ఒక్క మనిషికి ఇంత శ్రమా?"

"బజార్లో దొరికితే కొనేదాన్ని. దొరకదు."

"ఆ తూటాలు ముందు ఎవరు కాలుస్తారు?" అని ఆయన అడిగాడు. నేనే అన్నాను. ఒప్పుకున్నాడు. అధికారుల్లో రెండు రకాలు. కాదని చెబితే ముఖం మాడ్చేవాళ్ళు, కాదన్నవాళ్ళే తిరిగొచ్చి ఔనంటే వినేవాళ్ళు. రెండో రకం దొరికితే వదులుకోకండి.

ఈసారి గదిలో తేమ తీసే యంత్రం ఆగకుండా పనిచేసింది. తలుపు మూసి, ఫోన్లు బయట పెట్టి, మాటలు లేకుండా ఇంతియాజ్ నింపాడు. టార్చి వేసి అతను చూసిన ప్రతి డొల్లలోకీ నేనూ చూశాను. తరవాత రేంజ్ మీద, జనం లేని రోజు చూసి, నేను కాల్చాను. ఒక తూటా పేల్చడం, తుపాకి విరిచి గొట్టంలో వెలుగు చూడడం, మళ్ళీ పేల్చడం. మోత చిన్నదే, కానీ నిండుగా ఉంది, ప్రతిసారీ ఒకేలా ఉంది. భుజానికి తగిలిన దెబ్బా? ఆవుదూడ మూతితో నెట్టినట్టుంది. క్లేలు పగులుతాయా అన్నదే అసలు సందేహం. ఒకటి పగిలింది. ఇంకొకటి. ఇంతియాజ్ నా వెనకాల గంతులేస్తున్నాడు. నేను రేంజ్ నియమాలన్నీ మరిచిపోయి అరుస్తున్నాను అనుకునేరు. అరిచాను, కానీ తుపాకి విరిచి, తూటా తీసేశాకే అరిచాను.

పుల్

ఆ ఆదివారం ఉదయం కో అంకుల్‌ని పిలిచాను. ఆయన తన తుపాకిని ఆయుధాల గదిలోంచి తీసుకుని తుడిచిన తీరు చూస్తే, ఎవరూ పలకరించడానికి సాహసించలేదు. రేంజ్ అధికారిగా ఆయన పక్కన నిలబడ్డాను. ఇంతియాజ్ బల్ల మీద కూర్చోలేక నిలబడ్డాడు. చైర్మన్ గారు కూడా వచ్చి వెనకాల చేతులు కట్టుకుని ఉన్నారు.

"మెత్తగా ఉంటుందా నిజంగా?" అంకుల్ నన్ను మెల్లగా అడిగాడు.

"నా భుజం మీద చూశాను అంకుల్. నొప్పి అనిపిస్తే రెండోది పేల్చకండి, నాకు చెప్పండి."

"ఓకే లా." తూటా పెట్టాడు. ఎత్తాడు. "పుల్!"

పేలింది. క్లే ఎక్కడికో పోయింది. ఆయన మాత్రం క్లే వైపు చూడడం లేదు. తల వంచి భుజం వైపు చూసుకుంటున్నాడు, అక్కడేదో జరగవలసింది జరగనట్టు. నేను గొట్టంలో వెలుగు చూసి, సరే అన్నాను.

మళ్ళీ తప్పింది. మళ్ళీ. చేతులు ఆట మరిచిపోయాయి, గొట్టం క్లే వెనకాలే ఉండిపోతోంది. తన చైనా భాష హొక్కియెన్‌లో ఏదో గొణుక్కున్నాడు, అర్థం కాకపోయినా మంచి మాట కాదని తెలిసింది. నాలో సంబరం కరిగిపోతోంది. భుజం నెమ్మదించింది గానీ, ఆట పోయిందేమో, తిరిగి రాదేమో అనిపించింది. ఇంతియాజ్ గోళ్ళు కొరుకుతున్నాడు.

"ఇంకొక్కటి" అన్నాడు అంకుల్. ఈసారి తుపాకి ఎత్తే ముందు ఆగాడు. తొందరంతా ఆయన ఒంట్లోంచి దిగిపోవడం నేను కళ్ళారా చూశాను.

"పుల్!"

క్లే కుడివైపు లేచింది. గొట్టం దాన్ని దాటి, కొంచెం ముందుకి వెళ్ళి, పేలింది. ఆకాశంలో నారింజ పొగ! మధ్యలో ముక్క కూడా మిగల్లేదు, పొగే!

బల్లల మీదివాళ్ళంతా లేచారు. చైర్మన్ గారు కట్టుకున్న చేతులు విప్పి, టై కట్టుకునే మనిషి అనకూడని మాట ఏదో అన్నారు. అంకుల్ తుపాకి విరిచి, ముందు గొట్టాన్ని వెలుగుకి పెట్టి చూసి, అప్పుడు నా వైపు తిరిగాడు. కళ్ళద్దాల కింద తడి. "మిస్ రత్నం" అన్నాడు, "దెబ్బే తగల్లేదు లా. ఏమీ తగల్లేదు!"

మిగిలిన తూటాలన్నీ కాల్చేశాడు. కొన్ని తప్పాయి, ఎక్కువ తగిలాయి. పెట్టె అడుగు కనిపించగానే పిల్లవాడు మిఠాయి అడిగినట్టు అడిగాడు. "ఇంకో పెట్టె ఉందా?"

ఇంతియాజ్ ముందుకి దూకాడు. "ఇప్పుడే నింపుతా అంకుల్! మాపటికల్లా తెస్తా!"

"ఇప్పుడు కాదు" అన్నాను. ఇద్దరూ నా వైపు చూశారు. "ఇంత సంతోషంగా ఉన్నప్పుడు ఎవరూ మందు ముట్టకూడదు. రేపు పొద్దున రా. టీ తాగి, తలుపు మూసి నింపుదాం."

ఇంతియాజ్ మూతి ముడుచుకున్నాడు. కో అంకుల్ పగలబడి నవ్వి, అతని భుజం మీద చెయ్యి వేశాడు. "రేపు మంచిది లా. పద, మకాన్‌కి, భోజనానికి పోదాం. ఈ రోజు తిండి నాది."